ఉప్పునీటి ట్యాంకుకు యూవీ పెట్టాలా, వద్దా: కొనే ముందు తేల్చుకోవడం ఎలా

బ్లూ టాంగ్ చేప రెక్క మీద నాలుగు తెల్ల చుక్కలు కనపడగానే షాపుకు ఫోన్ చేస్తాం. అవతలి నుంచి దాదాపు ఎప్పుడూ ఒకటే జవాబు: "యూవీ పెట్టన్నా, సెట్ అయిపోతది." రెండు రోజుల్లో ఆర్టీసీ కార్గోలో యూవీ స్టెరిలైజర్, అంటే అతినీలలోహిత కాంతితో నీళ్లలోని సూక్ష్మజీవులను దెబ్బతీసే ఓ నల్ల గొట్టం దిగుతుంది. చేప బతికితే యూవీ వల్లే బతికిందంటాం. చచ్చిపోతే యూవీ చిన్నదైందని ఇంకా పెద్దది ఆర్డర్ పెడతాం. చాలాసార్లు ఆ చేప బతకడంలోనూ చావడంలోనూ యూవీ ప్రమేయం ఏమీ ఉండదు.

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి లాంటి చోట్ల ఉప్పునీటి ట్యాంకు నడపడమే ఓ పంతం. దగ్గర్లో సముద్రం లేదు, బోరు నీళ్లలో ఫ్లోరైడ్, ఏప్రిల్, మే నెలల్లో 44, 45 డిగ్రీల ఎండ, దానికి తోడు కరెంటు కోతలు. చల్లటి దేశాల వాళ్లు రాసిన సలహాల్లో "నీళ్లు కాస్త వేడెక్కవచ్చు" అన్నది ఏ చివరనో ఉంటుంది. మనం లెక్క మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచే. అందుకే కింద చెప్పేదంతా మన ఊళ్లలోని ట్యాంకును మనసులో పెట్టుకుని రాసింది.

1. మీ సమస్య ఏమిటో కాగితం మీద రాయండి

యూవీ స్టెరిలైజర్‌లో ఉండేవి మూడే. 254 నానోమీటర్ల దగ్గర కాంతినిచ్చే దీపం, దాన్ని నీళ్లు తాకకుండా క్వార్ట్జ్ గాజు తొడుగు, ఆ తొడుగుకూ బయటి గొట్టానికీ మధ్య నీళ్లు పారే సందు. మామూలు గాజు ఈ కాంతిని ఆపేస్తుంది కాబట్టే క్వార్ట్జ్ వాడతారు. ఆ సందులోంచి వెళ్లే సూక్ష్మజీవి డీఎన్‌ఏ దెబ్బతింటుంది, ఇక అది పెరగలేదు. రాయి మీద, ఇసుకలో, చేప ఒంటి మీద ఉన్నవాటిని యూవీ ఏమీ చేయలేదు. నీళ్లలో కరిగిన ఉప్పులనూ అది తీయదు. ఇంతవరకు మనసులో పెట్టుకుంటే సగం ప్రశ్నలు అక్కడికక్కడే తేలిపోతాయి.

నీళ్లు పచ్చగానో, పాలు కలిపినట్టు తెల్లగానో మబ్బుపట్టాయా? అది నీళ్లలో తేలే నాచు లేదా బాక్టీరియా. దీనికి యూవీ బాగా పనిచేస్తుంది, కొన్ని రోజుల్లోనే తేడా కనిపిస్తుంది. అయితే మేత ఎక్కువ వేయడమో, చచ్చిన చేప ఏదో రాళ్ల సందులో ఉండిపోవడమో అసలు కారణమైతే దాన్ని వెతికి తీయాల్సింది మీరే.

రాళ్ల మీద జుట్టు నాచు, ఇసుక మీద ముదురెరుపు జిగురు పొర ఉంటే యూవీ మీద డబ్బు పెట్టకండి. అవి అంటుకుని పెరిగేవి. నైట్రేట్, ఫాస్ఫేట్ తగ్గించాలి, వేవ్‌మేకర్ (ట్యాంకులో అలలు పుట్టించే పంపు) దిశ మార్చాలి, చేత్తో పీకాలి. అమ్మోనియాకూ యూవీకీ అసలు సంబంధమే లేదు. నీళ్లు పసుపుబారితే ముందు యాక్టివేటెడ్ కార్బన్ మార్చి చూడండి, ఖర్చు పదో వంతు కూడా ఉండదు.

బుడగలు పట్టిన గోధుమరంగు తీగలు పగలు కమ్ముకుని, రాత్రి పలచబడుతున్నాయా? డైనోఫ్లాజెల్లేట్లు (డైనో) అనే ఏకకణ జీవులు కావచ్చు. వాటిలో ఆస్ట్రియాప్సిస్ అనే రకం రాత్రిపూట నీళ్లలోకి లేస్తుంది, దానికి యూవీ మంచి మందు. ఆంఫిడీనియంలో పెద్ద కణాల రకం ఇసుకను వదిలి రాదు, దానిముందు ఎంత పెద్ద యూవీ పెట్టినా దండగే. కంటితో చూసి ఏదో చెప్పలేం. తెలిసినవాళ్లు ఎవరైనా డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబులో ఉంటే ఒక చుక్క నీళ్లు తీసుకెళ్లి మైక్రోస్కోపు కింద చూపించండి. ఆ పావుగంట పని చాలా డబ్బు మిగులుస్తుంది.

ఇక తెల్ల చుక్కలు. అందరూ యూవీ కొనేది దీనికోసమే కాబట్టి విడిగా మాట్లాడుకుందాం.

2. తెల్ల మచ్చ బతుకు తెలుసుకోండి

ముందు అది తెల్ల మచ్చ జబ్బేనా అన్నది తేల్చండి. తెల్లవారుజామున ట్యాంకు లైట్లు వేయకముందు టార్చి పట్టుకుని కూర్చోండి. టార్చిని ఎదురుగా కాకుండా పక్క నుంచి, చేప ఒంటికి ఏటవాలుగా పడేలా పట్టండి. రెక్కల పారదర్శకమైన చివర్లలో విడివిడిగా, గుండ్రంగా, లెక్కపెట్టగలిగేన్ని గింజలుంటే అది తెల్ల మచ్చే. ఇంగ్లిషులో మెరైన్ ఇక్, తెచ్చే పరాన్నజీవి పేరు క్రిప్టోకారియన్. గింజలు విడిగా కనపడకుండా ఒంటి మీద సన్నటి దుమ్ము పరిచినట్టుండి, చేప మొప్పలు గబగబా ఆడిస్తూ పంపు ముందు నిలబడి ఉంటే అది వెల్వెట్ అనే వేరే జబ్బు, తెచ్చే పరాన్నజీవి అమైలూడీనియం. వెల్వెట్ అయితే పార్సిల్ కోసం ఎదురుచూసే టైం లేదు. ఒకటి రెండు రోజుల్లో ట్యాంకు ఖాళీ చేయగలదు. చేపలను ఆ రోజే తీసి వేరే టబ్బులో కాపర్ (రాగి ఉన్న మందు) చికిత్స మొదలుపెట్టాలి.

క్రిప్టోకారియన్‌ది కొంచెం నిదానమైన బతుకు. చేప చర్మంలో దూరి కొన్ని రోజులు తిని బలుస్తుంది. తర్వాత రాలిపోయి రాయికో, ఇసుకకో, గొట్టానికో అంటుకుని గూడు కట్టుకుంటుంది. ఆ గూడులోనే అనేక పిల్లలుగా విడిపోతుంది. కొన్ని రోజులకు, ఒక్కోసారి చాలా వారాలకు, గూడు పగిలి పిల్లలు నీళ్లలోకి ఈదుకుంటూ వస్తాయి. ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే అవి చచ్చిపోతాయి. ఇంత కథలో యూవీకి చిక్కేది ఆ చివరి ఈత దశ ఒక్కటే, అదీ గొట్టందాకా వచ్చినవే. పంతంగి టోల్‌గేటు దగ్గర ఎంత గట్టి తనిఖీ పెట్టినా హైవే ఎక్కని బండి దొరకదు కదా, అంతే. రాళ్ల పక్కనే పడుకునే చేప మీదికి పక్క రాయి నుంచి వచ్చే పిల్లకు మీ యూవీ ఉన్న సంగతే తెలియదు.

అందువల్ల తెల్ల మచ్చకు యూవీ చికిత్స కాదు. నీళ్లలో తిరిగే పిల్లల సంఖ్య తగ్గిస్తుంది. బలంగా ఉన్న చేపకు తట్టుకునే వ్యవధి దొరుకుతుంది. ఆ మేరకు దాని విలువ నిజమే. మొదలంటా పోవాలంటే చేపలన్నింటినీ వేరే టబ్బుకు తీసి కాపర్‌తోనో, సాలినిటీని (నీళ్ల ఉప్పదనాన్ని) సాంద్రత లెక్కలో 1.009కి దించో చికిత్స చేయాలి. అసలు ట్యాంకును చేపల్లేకుండా వదిలేయాలి. ఈ హాబీలో ఎక్కువ మంది పాటించే లెక్క 76 రోజులు. కాపర్‌ను అసలు ట్యాంకులో మాత్రం పోయకండి. రొయ్యలు, నత్తలు, ఎనిమోన్లు పోతాయి, రాళ్లు కాపర్‌ను పీల్చుకుని తర్వాత ఎప్పుడో వదులుతాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ పిల్లలు ఎక్కువగా గూడు విడిచేది చీకట్లో, తెల్లవారుజామున. చాలామంది యూవీని లైట్ల టైమరుకే తగిలించి, రాత్రి లైట్లతోపాటే ఆర్పేస్తారు. అసలు పని ఉన్న గంటల్లోనే దాన్ని పడుకోబెడుతున్నారన్నమాట.

3. యూవీ కన్నా ముందు కొనాల్సినవి

నా లెక్కలో యూవీ నాలుగో వస్తువు. మొదటి మూడూ లేకుండా దాన్ని కొంటే తలుపు లేని ఇంటికి సీసీ కెమెరా పెట్టినంత పని.

క్వారంటైన్ టబ్బు, అంటే కొత్త చేపను విడిగా ఉంచే టబ్బు, మొదటిది. 60 నుంచి 80 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, స్పాంజ్ ఫిల్టరు, చేప దాక్కోవడానికి రెండు పీవీసీ ఎల్బోలు చాలు. కొత్త చేప ఎంత ముద్దొచ్చినా కనీసం నెల రోజులు అందులోనే ఉండాలి. హైదరాబాద్‌లో కొన్న చేప అంతకుముందే ఎన్ని చేతులు, ఎన్ని కవర్లు మారిందో మనకు తెలియదు. పెంపకపు క్లౌన్ చేప దొరికితే అదే తీసుకోండి. మన సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) కేంద్రాలు క్లౌన్ చేపల పెంపకం పద్ధతులను ఎప్పుడో రూపొందించాయి. సముద్రంలో పట్టిన చేప కన్నా పెంపకపు చేప పరాన్నజీవులను తెచ్చే అవకాశం తక్కువ. పౌడర్ బ్లూ టాంగ్ మీద మనసు పడితే మాత్రం గుండె దిటవు చేసుకోండి, తెల్ల మచ్చకు దాని మీద ఉన్నంత ప్రేమ ఇంకే చేప మీదా లేదు.

రెండోది నీళ్లు. మిషన్ భగీరథ నీళ్లయినా బోరు నీళ్లయినా నేరుగా వాడొద్దు. నల్లగొండ బోర్లలో ఫ్లోరైడ్ సంగతి ప్రపంచానికంతా తెలుసు. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ఏకంగా 'నల్గొండ టెక్నిక్' అనే పేరు పెట్టింది. అది తాగునీటికి తయారైన పద్ధతి, ట్యాంకుకు పనికిరాదు. మనకు కావాల్సింది ఆర్‌ఓ తర్వాత మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెసిన్ కూడా దాటి, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు మీద సున్నా చూపించే నీళ్లు. వీధి చివరి ప్లాంటు నుంచి వచ్చే 20 లీటర్ల క్యాన్ కూడా మీటరు పెట్టకుండా నమ్మొద్దు. యూవీ ఉంది కదా అని ఇక్కడ రాజీ పడితే కుదరదు. ఫ్లోరైడ్, సిలికేట్, కఠినత్వం యూవీ గుండా ఎలా వెళ్తాయో అలాగే బయటికి వస్తాయి. పైగా కఠినజలం పోసేకొద్దీ క్వార్ట్జ్ తొడుగు మీద సున్నం పేరుకుని యూవీనే గుడ్డిదవుతుంది.

మూడోది చల్లదనం, కరెంటు. చిల్లరు (నీళ్లను చల్లబరిచే యంత్రం) కొనే స్తోమత లేకపోతే సంపు (ట్యాంకు కింద ఫిల్టర్లు పెట్టే తొట్టి) మీద ఫ్యాను, పైమూత తీసేయడం, ఆవిరైన మేరకు రోజూ మంచి ఆర్‌ఓ నీళ్లు పోయడం. కోత పడితే ఇన్వర్టరు మీద వేవ్‌మేకరో, ఎయిర్ పంపో నడవాలి. యూవీని ఇన్వర్టరు మీద పెట్టే ఆలోచన మానేయండి. నాలుగు గంటలు యూవీ లేకపోతే ఏ చేపా చావదు. గాలి ఆడకపోతే ఆ నాలుగు గంటలు చాలు.

4. ఇక లెక్క: బకెట్, ఫోనులో స్టాప్‌వాచ్

పై మూడూ ఉన్నాయి, మీ సమస్యకు యూవీ పనికొస్తుంది. అయితే ఎంతది కావాలి?

ట్యాంకులో నిజంగా ఎన్ని నీళ్లున్నాయో చూడండి. 4 అడుగుల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు అంటే 9 ఘనపుటడుగులు, దాదాపు 255 లీటర్లు. రాళ్లు, ఇసుక, పైన వదిలిన ఖాళీ పోను 200 చిల్లర. సంపులో 50 కలుపుకుంటే మొత్తం 250 లీటర్లు అనుకుందాం.

యూవీ డబ్బా మీద మామూలుగా రెండు ప్రవాహాలు రాసి ఉంటాయి. పెద్ద అంకె నాచుకు, చిన్న అంకె పరాన్నజీవులకు. కాంతి మోతాదు అంటే కాంతి బలం, అందులో గడిపే సమయం రెండూ కలిసి. నీళ్లు రెట్టింపు వేగంతో పోతే మోతాదు సగమవుతుంది. చాలా కంపెనీల పట్టికల్లో నాచుకు చదరపు సెంటీమీటరుకు 30,000 మైక్రోవాట్ సెకన్లు, పరాన్నజీవులకు 90,000, ఒక్కోచోట ఇంకా ఎక్కువ. అంటే ఒకే యంత్రాన్ని పరాన్నజీవుల కోసం మూడో వంతు వేగానికి దించి నడపాలి. డబ్బా మీద "500 లీటర్ల ట్యాంకుకు" అని మాత్రమే రాసి ప్రవాహం గురించి ఏమీ లేకపోతే ఆ డబ్బాను అక్కడే పెట్టేయండి.

అలాగని మరీ నెమ్మదిగా పోనిస్తే ఇంకో చిక్కు. గంటకు 250 లీటర్లు యూవీలోంచి పోతున్నాయి, ట్యాంకులో 250 లీటర్లే ఉన్నాయి, కాబట్టి గంటలో అన్ని నీళ్లూ శుద్ధి అయ్యాయి అనుకుంటాం. అలా జరగదు. శుద్ధి అయిన నీళ్లు మళ్లీ ట్యాంకులోనే కలుస్తాయి, కొన్ని రెండోసారి మూడోసారి వెళ్తాయి, కొన్ని అసలు వెళ్లవు. బాగా కలిసే ట్యాంకులో గంట తర్వాత యూవీని ఒక్కసారైనా చూసిన నీళ్లు దాదాపు 63 శాతమే. గంటకు మూడింతలు పోనిస్తే 95 శాతం. కనుక పరాన్నజీవుల మోతాదు దగ్గర కూడా గంటకు రెండు మూడు ట్యాంకుల నీళ్లు లాగగల యంత్రం కావాలి. మన 250 లీటర్లకు పరాన్నజీవుల గడిలో 500 నుంచి 750 లీటర్లు రాసి ఉన్నది. అంతకన్నా చిన్నది కొంటే అది నీళ్లు మెరిసేలా చేస్తుంది, తెల్ల మచ్చకు ఒరగబెట్టేదేమీ ఉండదు.

పంపు డబ్బా మీద రాసిన అంకెను నమ్మకండి, అది ఎత్తూ మలుపులూ లేనప్పటి లెక్క. యూవీ బిగించాక బయటికొచ్చే గొట్టాన్ని 10 లీటర్ల బకెట్లో పెట్టి, నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 36,000ను ఆ సెకన్లతో భాగిస్తే గంటకు లీటర్లు వస్తాయి. 60 సెకన్లు పడితే 600. ఎక్కువ వస్తే వాల్వు కొంచెం తిప్పి మళ్లీ కొలవండి.

5. వేడి, బిల్లు

ఇది మనవాళ్లు దాటేసే మెట్టు. దీపం తీసుకునే కరెంటు దాదాపు అంతా చివరికి నీళ్లలో వేడిగానే తేలుతుంది. 36 వాట్ల దీపం 250 లీటర్ల నీళ్లలో ఉంటే, ఆ వేడి ఎటూ పోదనుకుంటే, 8 గంటలకు ఒక డిగ్రీ పెరుగుతుంది. చలికాలంలో దీన్ని పట్టించుకోనక్కర్లేదు, పైగా హీటరు పని తగ్గుతుంది. రోహిణి కార్తెలో, గది 36 దగ్గర ఉడుకుతున్నప్పుడు, ఫ్యాను పెట్టి కిందామీదా పడి 28 దగ్గర ఆపిన ట్యాంకుకు ఆ డిగ్రీ చాలా ఎక్కువ. వేడి నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, అప్పటికే మొప్పల్లో పరాన్నజీవులున్న చేప ముందు పోతుంది. అంటే కాపాడాలని పెట్టిందే దాన్ని తోసేస్తుంది.

చిల్లరు లేనివాళ్లకు నేను చెప్పేది: ఉగాది దాటి ఎండ ముదిరాక, మృగశిర వచ్చి తొలకరి పడేదాకా, యూవీని రాత్రి 9 నుంచి ఉదయం 8 వరకు మాత్రమే నడపండి. పిల్లలు గూడు విడిచేదీ ఆ వేళలోనే, గది కాస్త చల్లబడేదీ అప్పుడే. రోజుకు ఒకసారి వేసి ఒకసారి ఆర్పడం దీపానికి పెద్ద దెబ్బ కాదు. గంటకోసారి ఆడించే టైమరు మాత్రం వద్దు.

బిల్లు సంగతంటే, 36 వాట్లు రోజంతా నడిస్తే నెలకు 26 యూనిట్లు, 18 వాట్లయితే 13. అప్పటికే చిల్లరు, పంపులు, లైట్లు కలిసి శ్లాబు అంచున ఉంటే ఈ 26 మిమ్మల్ని పై శ్లాబులోకి నెట్టొచ్చు. పాత బిల్లు తీసి ఒకసారి చూసుకోండి.

6. మీ ట్యాంకు దేనికి దగ్గర?

చేపలు మాత్రమే ఉన్న 200 లీటర్లు దాటిన ట్యాంకు, టాంగులు ఉన్నాయి, ఏడాదికి నాలుగైదు సార్లు కొత్త చేప వస్తుంది: పెట్టండి, తగిన సైజుది పెట్టండి. క్వారంటైన్ ఎంత బాగా చేసినా ఏదో ఒకటి తప్పించుకుని వస్తుంది, అప్పుడు యూవీ నష్టాన్ని తగ్గిస్తుంది.

100 లీటర్ల లోపు, రెండు క్లౌన్లు, ఒక గోబీ, ఇక కొత్త చేపలు కొనే ఉద్దేశం లేదు: అక్కర్లేదు. ఆ డబ్బుతో ఉప్పదనం కొలిచే మంచి రిఫ్రాక్టోమీటరు, అదనపు వేవ్‌మేకరు కొనుక్కోండి. ఇంత తక్కువ నీళ్లలో దీపం వేడే మీకు తలనొప్పి.

మృదువైన పగడాలు, కోపిపాడ్లు (చిన్న రొయ్యజాతి జీవులు), ఫైటోప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మ నాచు) మీద నడిచే ట్యాంకు: నీళ్లు మబ్బుపట్టినప్పుడు, డైనో వచ్చినప్పుడు తగిలించుకునేలా పక్కన పెట్టుకుంటే చాలు. ఏడాది పొడవునా నడపాల్సిన పని లేదు. మన సముద్రాల్లోని రాతి పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. షాపువాడు ఎంత చవగ్గా చూపించినా వాటి జోలికి పోవద్దు.

ట్యాంకు పెట్టి ఇంకా నెల కాలేదు, సైక్లింగ్ (మేలు చేసే బాక్టీరియా కుదురుకునే దశ) నడుస్తోంది: ఇప్పుడు కొనకండి. మొదటి నెలల్లో వచ్చే డయాటములు అనే గోధుమరంగు నాచు వాటంతటవే పోతాయి.

7. కొనేటప్పుడు

దీపం మీద 254 నానోమీటర్లు, లేదా యూవీ-సి అని ఉండాలి. నీలంగా వెలిగే ఎల్‌ఈడీ గొట్టాలను యూవీ పేరుతో అమ్మేవాళ్లున్నారు, 365 లేదా 395 నానోమీటర్ల కాంతితో మీ పని జరగదు. ఓజోన్ రాని రకమే తీసుకోండి. ఫిల్టరు తలలో 5 వాట్ల దీపం ఇరికించిన క్యానిస్టర్లు నీళ్లు మెరవడానికి పనికొస్తాయి, అంతకుమించి ఆశించొద్దు.

ఇంట్లో తాగునీటి ప్యూరిఫయర్ నుంచి తీసిన యూవీ గది (దీపం ఉండి నీళ్లు పారే గొట్టం) ఉంది కదా, దాన్నే తగిలిస్తే పోలా అని చాలామందికి వస్తుంది. దీపం అదే రకం, నిజమే. గది స్టీలుది. ఉప్పునీళ్లకు ఆ స్టీలు కీళ్ల దగ్గర తుప్పుపట్టి చిల్లులు పడుతుంది. ఇత్తడి నిపుల్ ఉంటే ఇంకా ప్రమాదం, అందులోని రాగి నీళ్లలోకి దిగి రొయ్యలను చంపుతుంది. ప్లాస్టిక్ గది, ప్లాస్టిక్ యూనియన్లు (విప్పి బిగించగల గొట్టపు కీళ్లు) ఉన్నదే తీసుకోండి. కొనే రోజే అదనపు క్వార్ట్జ్ తొడుగు, ఓ-రింగులు ఒక జత, దీపం మోడల్ నంబరు అడిగి తీసుకోండి. అవి నల్లగొండలో గానీ పాలమూరులో గానీ షాపుకెళ్లి అప్పటికప్పుడు తెచ్చుకునే వస్తువులు కావు.

8. బిగించడం

యూవీ ఎప్పుడూ ఫిల్టర్ సాక్స్ (నీళ్లు వడకట్టే సంచులు), స్కిమ్మరు (నురగతో మడ్డి తీసే పరికరం) తర్వాతే ఉండాలి. మడ్డి నీళ్లలో కాంతి లోపలికి పోదు. సంపు నుంచి ట్యాంకుకు నీళ్లెక్కించే రిటర్న్ పంపు నీళ్లన్నీ దాని గుండా పంపితే వేగం ఎక్కువవుతుంది, కాబట్టి దానికి వేరే చిన్న పంపు పెట్టండి, లేదా రిటర్న్ గొట్టం నుంచి వాల్వుతో ఒక పాయ తీయండి. గొట్టాన్ని నిలువుగా పెడితే నీళ్లు కింది నుంచి ఎక్కి పైనుంచి పోవాలి, లేకపోతే గాలి లోపల నిలుస్తుంది. రెండు వైపులా వాల్వు, యూనియన్ తప్పకుండా పెట్టించండి. ఇవాళ 300 రూపాయలు మిగిలాయని వదిలేస్తే, కడిగే రోజు హాల్లో షాబాద్ బండల మీద ఉప్పునీళ్ల వరద.

పంపు, దీపం ఒకే స్విచ్చు మీద ఉండాలి. పంపు ఆగి దీపం వెలుగుతుంటే లోపలి నీళ్లు కాగుతాయి. వైరు సాకెట్ కన్నా కిందికి ఒకసారి వేలాడి పైకి ఎక్కేలా వదలండి, కారిన చుక్క అక్కడే నేలపాలవుతుంది. 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు), సరైన ఎర్త్ లేకుండా ఉప్పునీళ్ల పక్కన ఏ యంత్రమూ పెట్టొద్దు. చాలా ఇళ్లలో మూడో పిన్ను ఉంటుంది కానీ దాని వెనక ఎర్త్ వైరు ఉండదు. ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి.

వెలుగుతున్న దీపాన్ని యూవీ గది బయట ఎప్పుడూ చూడొద్దు, "పనిచేస్తుందా" అని చూడటానికైనా సరే. అప్పటికేమీ అనిపించదు, రాత్రికి కళ్లు గరగరలాడి తెరవలేరు. వెలుగు తెలియడానికి పెట్టిన చిన్న కిటికీలోంచి చూస్తే చాలు.

9. ఎప్పుడు ఆర్పాలి

సీసాలో వచ్చే బాక్టీరియా పోసినప్పుడు ఒకటి రెండు రోజులు ఆర్పండి. రాళ్లకు పట్టిన తర్వాత వాటికి యూవీతో భయం లేదు, ఎందుకంటే అవి నీళ్లలో తిరగవు. ఫైటోప్లాంక్టన్, కోపిపాడ్లు పోసినప్పుడు కొన్ని గంటలు ఆర్పండి. మందు వేస్తున్న టబ్బులో యూవీ నడపకండి, చాలా మందులు ఆ కాంతికి విరిగిపోతాయి, మోతాదు మీ లెక్కకు అందకుండా పోతుంది. కోత పడి ఒక రోజు దాటి నీళ్లు యూవీ గదిలో నిలిచిపోతే, ఆ నీళ్లను ట్యాంకులోకి పోనివ్వకుండా బకెట్లోకి వంపేసి మళ్లీ మొదలుపెట్టండి.

10. కడగడం, దీపం మార్చడం

మూడు నాలుగు నెలలకోసారి చాలు, కఠినజలం వాడే ఇంట్లో ఇంకా ముందే. ప్లగ్గు పీకండి, స్విచ్చు ఆర్పడంతో సరిపెట్టొద్దు. దీపం చల్లబడనివ్వండి. రెండు వాల్వులూ మూసి, కింద టబ్బు పెట్టి యూనియన్ విప్పండి. తల నట్టు తిప్పాక దీపాన్ని పింగాణీ చివర పట్టుకుని నెమ్మదిగా లాగండి, గాజు మీద వేళ్లు పెట్టకండి, వేళ్ల జిడ్డు కాలి మచ్చ పడుతుంది. తర్వాత తొడుగు బయటికి వస్తుంది. కొత్తప్పుడు కనపడనంత తేటగా ఉన్న గాజు మీద బూడిదరంగు పొర, గోరుతో రాస్తే గరుకుగా తగులుతుంది. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పును గోరువెచ్చటి నీళ్లలో కలిపి అరగంట నానబెట్టండి, సున్నం నురగలా లేచి వదిలిపోతుంది. మెత్తటి నూలు గుడ్డతో తుడవండి. గిన్నెలు తోమే పీచు, స్టీలు స్క్రబ్బర్ దగ్గరికి రానీయకండి. గీత పడిన చోట మళ్లీ మొదట పొర పట్టేది అక్కడే. ఆర్‌ఓ నీళ్లతో కడిగి ఆరనివ్వండి.

ఓ-రింగును వేళ్ల మధ్య నొక్కి చూడండి. ఒక వైపు చదునైపోయినా, వంచితే సన్నటి పగుళ్లు కనిపించినా మార్చేయండి. రాసేది సిలికాన్ గ్రీజు మాత్రమే. వాజలిన్ రాస్తే కొన్ని రకాల రబ్బరు ఉబ్బిపోతుంది. నట్టు చేత్తో బిగించండి, స్పానర్ వద్దు. ముందు దీపం తీగ తగిలించకుండా పంపు మాత్రం పది నిమిషాలు నడిపి, ప్రతి కీలు చుట్టూ టిష్యూ కాగితం అద్ది చూడండి. కాగితం పొడిగా ఉంటేనే దీపం వేయండి.

దీపం ఆయుష్షు 8,000 నుంచి 9,000 గంటలు, రోజంతా నడిపితే దాదాపు ఏడాది. ఆ తర్వాత కూడా నీలంగా వెలుగుతూనే ఉంటుంది, అందుకే మోసపోతాం. కంటికి కనిపించే వెలుగు మిగిలి, మనకు కావాల్సిన కాంతి పడిపోతుంది. కొత్త దీపం వేసిన రోజు తేదీని యూవీ గది మీద పర్మనెంట్ మార్కరుతో రాయండి, పక్కనే రాత్రి మాత్రమే నడుపుతున్నారా, రోజంతానా అన్నది కూడా. పాత దీపంలో పాదరసం ఉంటుంది. పగలకుండా కాగితంలో చుట్టి ఈ-వేస్టు తీసుకునేవాళ్లకు ఇవ్వండి, చెత్తబండిలో వేయకండి. చేతిలో పగిలితే కిటికీలు తెరిచి, పిల్లలను బయటికి పంపి, ముక్కలను గట్టి అట్టముక్కతో ఎత్తి మూత ఉన్న డబ్బాలో వేయండి, వాక్యూమ్ క్లీనర్ వాడకండి.